కదిలితేనే లెక్క

పసుపు.

ఒక్క చుక్క పసుపు. ఆకు అంచున.

కదిలితే రెక్క. కదలకపోతే పండుటాకు.

ఒక ఊపిరి... రెండు ఊపిర్లు...

కదిలింది!

"పసుపు. ఎడమ. ఒకటి."

వెనక నడుస్తున్న కోడలు నోటుబుక్కులో గీత గీసింది. తల ఎత్తలేదు. ఎత్తకూడదు. అది నియమం.

ముందు నడిచే పెద్దాయన గార్డు. గూడ్సు బండి ఆఖరి పెట్టెలో ముప్ఫై ఎనిమిదేళ్ళు నిలబడి వచ్చినవాడు. రిటైరై పద్నాలుగేళ్ళయింది. అయినా ఊరికి ఆయన గార్డే. పచ్చజెండా ఇంట్లో దిండు గలీబు అయిపోయింది గానీ, ఆయన మాత్రం కాలేదు.

కోడలు టైలరు. గార్డు మామయ్య. ఆమె ఆయనకి "అమ్మాయ్".

నడిచేది పాత సైడింగు. ఊరి చివర, పిండిమిల్లు వెనక, బండ్లు రావడం మానేసిన లైను. పట్టాలు ఎత్తుకెళ్ళారు. కంకర మిగిలింది. కంకరలో గడ్డి. గడ్డిలో పూలు. రెండు పక్కలా సన్నాకుల పొదలు, ఆ వెనక పొలాలు. ఈ చివర విరిగిన సిగ్నలు స్తంభం. ఆ చివర కారే కుళాయి. మధ్యలో పన్నెండు వందల అడుగులు.

వారానికి ఒక్కరోజు. మంగళవారం. పది గంటలు. పదీ ఒకటి కాదు.

"రైట్!" అంటాడు గార్డు, గాలికి. బండి కదులుతుంది.

బండి అంటే ఇద్దరే.

ముందున్నవాళ్ళు చూడాలి. వెనకున్నవాళ్ళు రాయాలి. రాసేవాళ్ళు చూడకూడదు — ఇద్దరూ చూస్తే ఒకే రెక్క రెండుసార్లు ఎగురుతుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నదే లెక్క. కదిలితేనే లెక్క. ఇక అన్నిటికన్నా పెద్దది... ముట్టుకోకూడదు. కొమ్మ వంచకూడదు, ఆకు తిప్పకూడదు. లెక్కపెట్టేవాళ్ళ చెయ్యి లెక్కలో ఉండకూడదు.

"నేను చూడని పెట్టెకి నేను సంతకం పెట్టలేదు," అంటాడు గార్డు. "ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కటీ లేదు."

ఈ మాట ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

మొదటి ఎనిమిదేళ్ళు రాసింది అత్తగారు. మోకాళ్ళు మొరాయించాక పెన్ను కోడలి చేతికొచ్చింది. ఇప్పుడు మంగళవారం పది నించి పదకొండున్నర దాకా షాపులో కూర్చునేది అత్తగారే. హుక్కులు కుడుతూ, వచ్చినవాళ్ళకి చెబుతూ.

"మా వాళ్ళు లేరమ్మా. పురుగుల జనాభా లెక్కలకి వెళ్ళారు. ఇంట్లో నలుగురం ఉన్నామని మాత్రం ఆయనకి అన్నాల దగ్గరే గుర్తొస్తుంది."

*

పుస్తకాల్లో పేర్లున్నాయి. గార్డు చదివాడు. పక్కన పెట్టాడు.

ఆయన పేర్లు ఆయనవి.

ప్రతి పువ్వు దగ్గరా ఆగేది ప్యాసింజరు. ఎక్కడా ఆగనిది, వచ్చిందనుకునేలోపే వెళ్ళిపోయేది ఎక్స్‌ప్రెస్. పెద్ద నల్ల రెక్కలతో, బరువుగా, తీరిగ్గా, ఎవరి కోసమూ తొందరపడనిది గూడ్సు. గూడ్సు కనిపించిన రోజు ఆయన తెలియకుండానే నిటారుగా నిలబడతాడు.

కోడలి పేర్లు కోడలివి. నడక అయ్యాక, కుళాయి దగ్గర చూసి పెట్టుకున్నవి.

పైన మట్టిరంగు, రెక్క విప్పితే లోపల నీలం — అది లైనింగు మంచిదేసిన కోటు. అంచంతా తెల్ల చుక్కలున్నది చేతికుట్టు. తెల్లగా, మరీ పల్చగా, వెనక ఆకు కనిపించేది... ఉతికి ఉతికి అరిగిన జేబురుమాలు.

పసుపుది మాత్రం ఇద్దరికీ పసుపే.

చిన్నది. బొత్తాం అంత. నేలకి జానెడెత్తులో, తాగినవాడిలా తూలుతూ ఎగురుతుంది. వానాకాలం దానిది. మొదటి వాన పడ్డ మూడోవారానికి సైడింగు నిండా పసుపు చుక్కలు.

పసుపు ఎంతుంటే ఏడాది అంత బాగున్నట్టు. గార్డు లెక్క అది.

కిందటేడు ఒక్క నడకలో ఎక్కువలో ఎక్కువ — నలభై ఒకటి.

*

చలికాలం.

పది గంటలకీ ఎండ ఇంకా బద్ధకంగానే ఉంటుంది. కంకర రాళ్ళు మాత్రం ముందే లేస్తాయి, ముందే వేడెక్కుతాయి. ఆ రాళ్ళ మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటాయి అన్నీ. దుకాణం ముందు చీరలు పరిచినట్టు.

ఆ కాలంలో షాపు గోడది ఇంకో లెక్క.

షట్టరు మీద ఒక బల్బు ఉంటుంది. తెల్లవార్లూ వెలుగుతుంది. పొద్దున్నే చూస్తే దాని చుట్టూ గోడకి అతుక్కుని నిద్రపోతుంటాయి — బూడిద రంగువి, బెరడు రంగువి, ఎండుటాకు మడిచినట్టున్నవి. దీపం పురుగులు అంటారు ఊళ్ళోవాళ్ళు. గార్డు ఒప్పుకోడు.

"రాత్రి డ్యూటీ వాళ్ళు," అంటాడు. "పడుకోనివ్వండి."

హాజరు పట్టీ అత్తగారిది. కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, పెదవులు కదుపుతూ లెక్కపెడుతుంది. లెక్క అయ్యేదాకా చీపురు లేవదు. పొద్దున్నే జాకెట్టు కోసం వచ్చినావిడ గోడ పక్క నించి జరిగి రావాలి.

"ఎంతసేపు పిన్నిగారూ?"

"ఇంకా ఆరుగురున్నారమ్మా. ఒకడు అటు తిరిగి పడుకున్నాడు, ముఖం తెలీట్లేదు."

పగలు ఎగిరేవాటిని నవ్వుకుంటూ చూస్తారు జనం. రాత్రి ఎగిరేవాటిని చెప్పుతో కొడతారు. అత్తగారికి ఆ అన్యాయం నచ్చదు. రంగు తక్కువని చిన్నచూపు ఏమిటని ఆమె వాదం. ఇందులో ఎక్కడో ఆమె పెళ్ళిచూపుల కథ ఉంది. గార్డు ఆ మాట రాగానే టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

అందరూ నవ్వుతారు.

గార్డు కూడా. వీధి చివర నించి.

*

ఎండాకాలం.

పూలు లేవు. ఆకులు దుమ్ము. పన్నెండు వందల అడుగుల్లో నాలుగు రెక్కలు, మూడు రెక్కలు, ఒక్కోసారి ఏమీ లేదు. ఏమీ లేకపోయినా నడవాలి. సున్నా కూడా లెక్కే.

కుళాయి దగ్గర మాత్రం పండగ.

కారే కుళాయి కింద అరచేయంత తడి. ఆ తడి మీద రెక్కలు ముడుచుకుని వరసగా — తెల్లవి, నీలివి, ఒక గూడ్సు. బురద తాగుతూ. ప్లంబరు రెండుసార్లు వచ్చాడు బాగు చెయ్యడానికి. రెండుసార్లూ గార్డు కూల్‌డ్రింకు తాగించి పంపేశాడు. మూడోసారి ప్లంబరు పానా తేలేదు. వట్టి చేతుల్తో వచ్చి, "ఇవాళేం లేదా పెద్దాయనా?" అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే రెండు జరిగాయి.

ఒకటి అందరూ చూశారు. రెండోది ఒక్కళ్ళే చూశారు.

అందరూ చూసింది — సిగ్నలు స్తంభానికి అంటించిన కాగితం. ఈ స్థలం చదును చేసి లారీలు నిలిపే చోటుగా మార్చబడును.

గార్డు ఆ కాగితాన్ని కోడలి చేత చదివించుకున్నాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. మర్నాడు పద్నాలుగు నోటుబుక్కులు సంచిలో వేసుకుని రోడ్ల ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి ఆఫీసరమ్మ చిన్నపిల్ల. బూట్లకి మట్టి ఉన్న పిల్ల. అది ఆయనకి నచ్చింది.

ఆమె ఒక పుస్తకం తీసింది. ఇంకోటి తీసింది. పద్నాలుగూ తిరగేసింది.

"వానాకాలం లెక్క అవనివ్వండి పెద్దాయనా. నేనే వచ్చి నడుస్తా. నిజంగా ఇంత ఉంటే పైవాళ్ళకి రాస్తా. మాటివ్వలేను. రాస్తా, అంతే."

గార్డుకి అంతే చాలు. సగం సిగ్నలు ఎత్తినా బండి నడిపినవాడు.

ఒక్కళ్ళే చూసిన రెండోది... సూదులు.

రోజూ పొద్దున్నే ఇరవై సూదులకి దారం ఎక్కించి, పిన్నుల దిండుకి గుచ్చి, భార్య ముందు పెట్టడం గార్డు పని. ఆమెకి సూది బెజ్జం కనపడదు. పెళ్ళినాటి నించీ కనపడదు. ఆ ఎండాకాలంలో ఒకరోజు దిండు ఖాళీగా ఉంది. మర్నాడు ఖాళీ. మూడోరోజు, "నాకు వేరే పనుల్లేవా?" అన్నాడు గార్డు.

అత్తగారు ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడం ఆమెకి అలవాటు లేని పని. కోడలు ఆరోజే గమనించి ఉండాల్సింది.

*

వాన!

మొదటి వారం — ముప్ఫై. పర్లేదు.

ఆ వారమే ఒక సాయంత్రం, షాపు మూసి వస్తూ, సైడింగు దారిన నడిచింది కోడలు. మేకల పిన్ని ఎదురైంది. చంకలో సన్నాకుల కొమ్మల మోపు. మోపులో ఒక ఆకు మీద, సన్నగా, పచ్చగా, కుట్టుపోగంత పురుగు. తన ఇల్లు నడిచిపోతోందని తెలియక తాపీగా తింటోంది.

"పిన్నీ, ఆగు. దాని మీద పురుగుంది."

"ఉంటే? మా మేకలు శాకాహారులని సర్టిఫికెట్ ఇచ్చానా?"

"అది పసుపు సీతాకోకచిలుక అవుతుంది పిన్నీ!"

పిన్ని మోపు దించింది. పురుగుని చూసింది. కోడలిని చూసింది. వాళ్ళ మామయ్యకున్నది ఈ పిల్లకీ అంటుకుందని అర్థమైంది ఆమెకి.

"ఏ కొమ్మ మీద ఉందో నాకెలా తెలుస్తుంది? నువ్వే ఓ గుర్తు పెట్టు. గుర్తున్న కొమ్మ ముట్టుకుంటే నన్నడుగు."

షాపులో రెండు డబ్బాల దారం పడుంది. నిమ్మపండు రంగు. ఆర్డరు తప్పొచ్చింది. ఆ రంగు బట్ట ఊళ్ళో ఎవరూ కుట్టించుకోరు. కొట్టువాడు వెనక్కి తీసుకోడు.

మర్నాడు సాయంత్రం మొదలెట్టింది.

పురుగున్న ప్రతి కొమ్మకీ ఒక ముడి. టైలరు ముడి. రెండు కొసలు చెవుల్లా వదిలి.

మామయ్యకి చెప్పలేదు. ముట్టుకోకూడదు కదా. కొమ్మ వంచింది, ఆకు తిప్పింది, ఏకంగా దారం కట్టింది. తెలిస్తే ఇంకేమన్నా ఉందా! మంగళవారం వెనక నడుస్తూ, తల దించుకుని, తిట్ల కోసం ఎదురుచూసింది. ఈ అడుగుకి చూస్తాడు... ఈ అడుగుకి...

తిట్లు రాలేదు.

"పసుపు, కుడి, రెండు! పసుపు, ఎడమ, మూడు! అమ్మాయ్, రాస్తున్నావా?"

చూసీ చూడనట్టు వదిలేశాడనుకుంది. ఎంత మంచి మామయ్య అనుకుంది. ఆ సాయంత్రం ఇంకో ఇరవై కట్టింది.

రెండో వారం అరవై నాలుగు.

మూడో వారం తొంభై.

నాలుగో వారం — నూట పదిహేడు.

నూట పదిహేడు! గార్డు ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాడు. అత్తగారికి చెప్పాడు. కొడుక్కి చెప్పాడు. కొడుకు కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు, ఎండాకాలంలోనూ స్వెట్టరు వేసుకుని వెళ్తాడు. "ఎక్కడో లెక్క తప్పింది నాన్నా" అన్నాడు. "నీ ఐసుగడ్డల లెక్క చూసుకోరా" అన్నాడు గార్డు. ప్లంబరుకి చెప్పాడు. ఫోను తీసి ఆఫీసరమ్మకి చెప్పాడు.

"వచ్చే వారం శుక్రవారం రండమ్మా. పద్నాలుగేళ్ళలో ఇలాంటి ఏడాది లేదు."

*

ఆ శుక్రవారానికి ముందు మంగళవారం.

మబ్బు. సన్న తుంపర. దారం పోగుల్లాంటి వాన.

ఇలాంటి రోజు నడవరు. ఎండ లేకపోతే రెక్కలు లేవవు. కానీ ఆఫీసరమ్మ వచ్చేముందు ఇంకొక్క లెక్క ఉండాలని గార్డు పట్టు.

"రైట్!"

కోడలు నోటుబుక్కు పైట కింద పెట్టుకుని రాస్తోంది. చుక్కలు పడి గీతలు అలుక్కుపోతున్నాయి. ముందు నించి గొంతు. హుషారైన గొంతు.

"పసుపు, ఎడమ, ఒకటి. పసుపు, కుడి, ఒకటి. పసుపు, కుడి, మూడు..."

పెన్ను ఆగింది.

వానలో ఏమిటి ఎగిరేది?

గాలి ఉంది. గాలి మాత్రమే ఉంది. పక్షి లేదు, తూనీగ లేదు, చీమ కూడా లేదు.

"పసుపు, ఎడమ, రెండు!"

ఆరేళ్ళు. వారానికొక్కటి చొప్పున మూడొందల నడకలు. ఒక్కసారీ ఎత్తని తల...

ఎత్తింది.

ఎడమ పక్క. చెయ్యి చాపితే అందేంత దూరం. రెండు పసుపు చుక్కలు. గాలికి అల్లాడుతున్నాయి.

రెండు ముళ్ళు.

నాలుగు చెవులు.

ఆమె కట్టినవే.

నియమాలు రెండు. ముట్టుకోకూడదు — తప్పింది. తల ఎత్తకూడదు — తప్పలేదు. ఒకటి తప్పి ఇంకోటి తప్పకపోవడంతో, ఎనభై ఆరు దారాలు రెక్కలు తొడుక్కుని పుస్తకంలోకి ఎగిరిపోయాయి. వారం వారం. మళ్ళీ మళ్ళీ.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. కళ్ళజోడు మర్చిపోవడం. ఖాళీగా ఉన్న పిన్నుల దిండు. ఈమధ్య టీ గ్లాసు తడుముకుని బల్ల అంచున పెట్టడం.

"అమ్మాయ్? రాస్తున్నావా?"

"ఆఁ మామయ్యా," అంది.

రాయలేదు.

*

చెబితే — నూట పదిహేడు ఉండదు. లారీలు వస్తాయి. ఇక ఆయన కళ్ళ సంగతి... గార్డులకి ఏటేటా కంటి పరీక్ష. తప్పినవాణ్ణి ఆ రోజే బండి దింపేసేవారు. ఆయన స్నేహితుణ్ణి అలా దింపారు. ప్లాట్‌ఫారం మీద జెండాల డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి కథ చెప్పినప్పుడల్లా గార్డు గొంతు మారుతుంది.

చెప్పకపోతే — శుక్రవారం ఆఫీసరమ్మ వస్తుంది. ఆ పిల్లకి కళ్ళున్నాయి. అదొక్కటే కాదు. చూడని పెట్టెకి సంతకం పెట్టని మనిషి చేత వందల సంతకాలు పెట్టించినట్టవుతుంది. ఆయనకి తెలియకుండా.

షాపులో అత్తగారి ఎదురుగా కూర్చుంది. చెప్పింది. అంతా.

అత్తగారు పళ్ళతో దారం తెంచింది.

"నాకు సూదులప్పుడే తెలుసు. అడిగితే ఏడుస్తాడని ఊరుకున్నా."

"ఇప్పుడేం చెయ్యాలత్తయ్యా?"

"కుట్టు తప్పు పడితే ఏం చేస్తావే? పైన ఇంకో కుట్టు వేస్తావా?"

విప్పుతుంది. టైలరు అయినవాళ్ళెవరైనా విప్పుతారు.

*

బుధవారం పొద్దున. షాపు గుమ్మం. రాత్రి డ్యూటీ వాళ్ళు గోడ మీద నిద్రపోతున్నారు.

కోడలు అరచెయ్యి చాపింది. మధ్యలో ఒక ముడి. రెండు చెవులు.

"మామయ్యా, ఇదేంటి?"

గార్డు వంగాడు. ముఖం వెలిగింది. వెంటనే కోపం వచ్చింది.

"పసుపు! ఎందుకు పట్టుకున్నావ్? ముట్టుకోవద్దని ఎన్నిసార్లు..."

ఆగాడు.

గాలి లేదు.

ఒక ఊపిరి.

రెండు ఊపిర్లు.

మూడు...

ఆమె చెయ్యి కదలలేదు. అరచేతిలోది కదలలేదు.

గార్డు వేలు చాపాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ముట్టుకున్నాడు. వేలికి ముడి తగిలింది.

"ఎన్ని కట్టావ్?"

"ఎనభై ఆరు."

"పోయిన వారం నూట పదిహేడు." పెదవులు కదిలాయి. తీసివేత ఆయనకి నోటిమీద లెక్కే. "ముప్ఫై ఒకటి."

"పురుగులున్న కొమ్మలు మామయ్యా. మేకల పిన్ని కొయ్యకుండా గుర్తు పెట్టా. తప్పు నాదే."

"నీది ముట్టుకోవడం." గోడకేసి తిరిగాడు. "నాది చూడకపోవడం. చూడని బండికి సంతకం పెట్టాను."

కోడలు గుప్పిట మూసింది.

లోపల్నించి అత్తగారి గొంతు వచ్చింది, హుక్కు కుట్టినంత మామూలుగా.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆఖరి పెట్టెలో నిలబడి వెనక్కే చూశారు. ముందున్నది కనపడకపోవడం ఇవాళ కొత్తా? సోమవారం కంటి డాక్టరు దగ్గరికి మీరు వెళ్తున్నారు. నేను చెప్పి పెట్టాను. ఏడిస్తే ఇప్పుడే ఏడవండి, పదింటికి గిరాకీ వస్తుంది."

గార్డు భుజాలు కదిలాయి.

ఏడుస్తున్నాడనుకుంది కోడలు. కాదు. నవ్వు. మొదట భుజాల్లో, తర్వాత పొట్టలో, తర్వాత గొంతులో. గోడ మీద ఒకడు ఉలిక్కిపడి లేచి, షట్టరు చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ పడుకున్నాడు.

"దారాలకి ఎడమ, కుడి కూడా చెప్పానమ్మాయ్!"

తర్వాత ఎర్ర పెన్సిలు అడిగాడు. కొలబద్ద అడిగాడు. కోడలు చోటు చూపిస్తుంటే, నాలుగు వారాల పసుపు గీతల మీద అడ్డంగా గీత కొట్టాడు. ప్రతి గీత పక్కనా సంతకం.

"రేపు ఎండ ఉంటుంది," అన్నాడు. "నువ్వు ముందు నడు."

*

గురువారం.

ముందు కోడలు. వెనక గార్డు. చేతిలో లావు స్కెచ్ పెన్ను, చంటిపిల్లల డ్రాయింగు పుస్తకం. ఒక్కో అంకె అరచెయ్యంత.

ఆయన తల దించుకున్నాడు. నియమం నియమమే.

"రైట్!" అంది కోడలు. గొంతు పూర్తిగా రాలేదు.

"అలా అంటే ఇంజను డ్రైవరుకి వినపడదు."

"రైట్!"

ఎండ. ఆరేళ్ళ తర్వాత తల ఎత్తి నడుస్తోంది. నడకలో ఇన్నేళ్ళూ గొంతుగా విన్నదంతా ఇప్పుడు రంగు. ప్యాసింజరు ప్రతి పువ్వు దగ్గరా ఆగుతోంది. జేబురుమాలు ఎగిరిపోతోంది. గూడ్సు — అబ్బ, గూడ్సు! తెలియకుండానే నిటారుగా నిలబడింది.

"ఏమొచ్చింది?" వెనక నించి.

"గూడ్సు మామయ్యా!"

వెనక ఆయన కూడా నిటారుగా నిలబడ్డాడని చూడకుండానే తెలుసు.

పసుపు — ముప్ఫై ఎనిమిది.

కిందటేడు కన్నా మూడు తక్కువ.

ఇద్దరూ కుళాయి దగ్గర కూర్చున్నారు. ముప్ఫై ఎనిమిది. పెద్ద అంకెలు. చిన్న లెక్క.

"ఆ దారాలు," అన్నాడు గార్డు. "వాటి కింద ఇప్పుడేముంది?"

ఆమెకీ తెలియదు. కట్టింది. మళ్ళీ వంచి చూడలేదు.

"వంచనా?"

పద్నాలుగేళ్ళ నియమం. గార్డు కుళాయి కేసి చూశాడు. చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"ఇది వేరే పుస్తకం," అన్నాడు. "వంచు."

*

శుక్రవారం. ఆఫీసరమ్మ వచ్చింది. బూట్లకి మట్టి.

పుస్తకం తెరిచింది. ఎర్ర గీతలు. గీతల పక్కన సంతకాలు.

"ఇవన్నీ కొట్టేశారేంటి? నూట పదిహేడని ఫోను చేశారుగా!"

"నేను చూడనివి నా పేరున ఉండకూడదమ్మా. అవి దారాలు. నాకు కళ్ళు సరిగ్గా లేవు. ఉన్నది ముప్ఫై ఎనిమిది."

ఆమె పుస్తకం మూసింది. కింద ఇంకో పుస్తకం. డ్రాయింగు పుస్తకం. ఆఖరి పేజీలో చంటిపిల్లాడి రాతలా — దారాలు 86.

"దారాలు లెక్కపెట్టారా?"

కోడలు దగ్గరి కొమ్మ పట్టుకుంది. వంచింది.

దారం కింద, కాడకి ఆనుకుని, మొగ్గలాంటి పచ్చటి గూడు. తల పైకెత్తి, వెనక్కి వాలి. కింద పడకుండా దాని నడుం చుట్టూ... ఒక పోగు. ఒకే ఒక్క పోగు. తళతళలాడుతూ.

"అది నేను కట్టింది కాదు," అంది కోడలు. "అదే కట్టుకుంది. నేను ముడి వేశాక, అదీ వేసుకుంది."

ఆ సంగతి నిన్న చూసినప్పుడు ఆమె కంకర మీదే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళు దారంతో బతికింది. ఇంకో టైలరు ఇక్కడే ఉందని తెలియదు.

ఎనభై ఆరు దారాలు. పదకొండింటి కింద ఖాళీ పొట్టు — వెళ్ళిపోయాయి. ఆరింటి కింద ఏమీ లేదు — పిట్టలకి తెలియాలి. మిగిలిన అరవై తొమ్మిదింటి కింద అరవై తొమ్మిది నడుములకి అరవై తొమ్మిది పోగులు.

"ఎప్పుడొస్తాయి?" అంది ఆఫీసరమ్మ. గొంతు తగ్గించి. ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఒక్కోటీ ఒక్కో టైము," అన్నాడు గార్డు. "నేను కాస్త ముందే అనౌన్సు చేశాను. అంతే తేడా."

ఆమె నవ్వింది. వెంటనే సర్దుకుంది.

"నేను మాటివ్వలేను. రాస్తా."

"రాయండి."

"ముందు నడవాలి. నేనెక్కడ నిలబడను?"

గార్డు ఆలోచించాడు. బండికి మూడో మనిషి ఎప్పుడూ లేదు.

"అమ్మాయి వెనక. నా ముందు. మాట్లాడకూడదు. ముట్టుకోకూడదు."

"రైట్!" అంది కోడలు. పిండిమిల్లు దాకా వినపడేలా.

మూడు జతల అడుగులు కంకర మీద. కొత్త చప్పుడు. సిగ్నలు స్తంభం మీద కాగితం తడిసి సగం ఊడి వేలాడుతోంది. సగం ఇంకా అంటుకునే ఉంది.

వంద అడుగులు. రెండొందలు. జేబురుమాలు ఒకటి. ప్యాసింజర్లు నాలుగు.

మూడొందల అడుగుల దగ్గర కోడలు నెమ్మదించింది. వెనక ఆఫీసరమ్మ నెమ్మదించింది. వెనక గార్డు తల దించుకునే ఆగాడు.

ఎడమ పక్క. చెయ్యి చాపితే అందేంత దూరం.

పసుపు.

ఒక్క చుక్క పసుపు. ఆకు అంచున.

ఆ కొమ్మకి దారం కట్టిందా? కట్టినట్టే గుర్తు. కట్టనట్టు కూడా గుర్తు.

"దారమా?" అంది ఆఫీసరమ్మ ఉండబట్టలేక. "రెక్కా?"

గాలి లేదు. ఆకు కదలడం లేదు. గార్డు పెన్ను మూత తీసి కాగితానికి ఆనించాడు. రాయలేదు.

ఒక ఊపిరి...

రెండు ఊపిర్లు...